నూట అరవై మంది మేనేజర్లు కావలెను

మీ ఇంట్లో పై చదువులకు ఎదిగిన పిల్ల ఉందా? అయితే ఇంకేమీ ఆలోచించకుండా సప్లై చైన్ మేనేజ్‌మెంట్‌లో చేర్పించండి. ఉద్యోగం వస్తుందా రాదా అన్నది తర్వాతి సంగతి. రాకపోతే ఎందుకు రాలేదో శాస్త్రీయంగా చెప్పగలిగే చదువు లోకంలో ఇదొక్కటే!

కాస్త ఆలోచించండి. వేరే కోర్సులు చదివి ఖాళీగా కూర్చున్నవాళ్లు ఏమంటారు? టైం బాగోలేదంటారు. ఎదురింటివాళ్ల దిష్టి తగిలిందంటారు. పాపం, వాళ్ల దగ్గర అంతకు మించి మాటల్లేవు.

ఈ చదువు చదివినవాడు అలా కాదు. మధ్యాహ్నం దాకా మంచం దిగకపోతే అది బద్ధకం కాదు, సరుకు చేరడానికి పట్టే లీడ్ టైమ్. అన్నావదినల ఇంట్లో తిని కూర్చుంటే అది సోమరితనం కాదు, అవసరానికి దాచి ఉంచిన సేఫ్టీ స్టాక్. అప్లికేషన్ పెట్టిన కంపెనీలేవీ పలక్కపోతే అది అవమానం కానే కాదు, అవతలివైపు జాప్యం. తిట్టడానికి లేచిన తండ్రి సగం మాటలు అర్థంకాక మళ్లీ కూర్చుంటాడు. కన్నవాళ్లకు బీపీ రాకుండా చూసే చదువు ఇంకోటి చూపించండి!

నమ్మకం కుదరలేదా? అయితే పిడుగు సంగతి వినండి.

పిడుగు అసలు పేరు కాదు. నోరు తెరిస్తే ఎవరి నెత్తిన పడుతుందో తెలియదని ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు. వాళ్లమ్మ టైలరు. వీధిగదిలో రెండు కుట్టుమిషన్లు, గోడకు ఒక నిలువుటద్దం. కొలతలివ్వడానికి ఎవరొచ్చినా సరే, చేతులు పైకెత్తించి, నడుముకు టేపు చుట్టి, కదలడానికి వీల్లేని ఆ స్థితిలో "మా అమ్మాయి మేనేజరు కాబోతోంది" అని చెప్పేది. ఆ వీధిలో ఆ మాట విననివాళ్లు రెడీమేడ్ బట్టలు కొనుక్కునేవాళ్లు మాత్రమే.

మేనత్తకు మాత్రం మొదటినుంచీ అనుమానమే.

"ఇంతకీ చదివి ఏం చేస్తావే? గోడౌన్‌లో పెట్టెలు లెక్కపెడతావా?"

"పెట్టెలు లెక్కపెట్టేవాళ్లని లెక్కపెడతాను అత్తయ్యా."

"ఏం, వాళ్లు పారిపోతారనా?"

"నువ్వొచ్చి ఇలాంటి ప్రశ్నలడిగితే పారిపోతారు."

మేనత్త మూతి ముడిచింది. అమ్మ మిషను వేగం పెంచింది, నవ్వు వినబడకుండా.

యూనివర్సిటీవాళ్ల బ్రోషరు చూస్తే ఎవరికైనా కడుపు నిండిపోతుంది. ప్రొక్యూర్‌మెంట్ మేనేజర్, లాజిస్టిక్స్ ఎనలిస్ట్, ఇన్వెంటరీ ప్లానర్, డిమాండ్ ఫోర్‌కాస్టర్. అట్టమీద ఓడ, ఓడపైన విమానం, పక్కన లారీ, వాటి మధ్య చేతులు కట్టుకుని నవ్వుతున్న ఒక పిల్ల. ఆ పిల్ల వీటిలో దేన్ని నడుపుతుందో ఎక్కడా చెప్పలేదు.

క్లాసులో నూట అరవై మంది. గది అరవై మందికి. తక్కువ చోటులో ఎక్కువ సరుకు ఎలా సర్దాలో నేర్పే కోర్సు కాబట్టి దాన్ని ఎవరూ లోపమనుకోలేదు. ప్రాక్టికల్స్ అనుకున్నారు!

చివరి సంవత్సరంలో డిపార్ట్‌మెంట్ హెడ్ మేడమ్ కొరడా పాఠం చెప్పింది.

"కొరడా పట్టుకున్నవాడి చెయ్యి బెత్తెడు కదిలితే కొస బారెడు ఊగుతుంది. దుకాణంలో రెండు సబ్బులు ఎక్కువ అమ్ముడైతే దుకాణదారు పది తెప్పిస్తాడు, ఎందుకైనా మంచిదని. హోల్‌సేల్ అతను వంద చెబుతాడు, ఎందుకైనా మంచిదని. అక్కడ ఫ్యాక్టరీవాడు కొత్త షెడ్డు కడతాడు. గోరంత కొండంత కావడమంటే ఇదే. ఇందులో ఎవరూ అబద్ధమాడరు. అందరూ జాగ్రత్తపరులే. ఇలాంటిది ఎక్కడుందో పట్టుకోండి. అదే మీ ప్రాజెక్టు."

అందరూ సబ్బుల వెంటా బిస్కెట్ల వెంటా పరుగెత్తారు. పిడుగు వెనక్కి తిరిగింది. బెంచీల్లో ముగ్గురు పట్టే చోట ఏడుగురు, మిగతావాళ్లు కిటికీ గట్లమీద, నేలమీద. తలలు లెక్కపెట్టింది.

"మేడమ్, నాది మన క్యాంపస్‌లోనే చేస్తాను."

క్యాంటీన్‌లో టీ కప్పుల గురించేమో అనుకుని మేడమ్ సరేనంది.

పిడుగు మొదటి ఫోను ఒక స్పేర్ పార్టుల కంపెనీ ఆఫీసరుకు. ఈ కోర్సు పెట్టమని ముందు అడిగింది ఆయనేనని క్యాంపస్‌లో గొప్పగా చెప్పుకుంటారు.

"నేను అడిగానా?" అన్నాడాయన. "ఎప్పుడో టీ తాగుతూ ఒక మాటన్నానమ్మా. వీలైతే ఇద్దరు కావాలన్నాను. వీలైతే అన్నాను, అది మర్చిపోకు."

ఆ టీ తాగించింది ప్లేస్‌మెంట్ ఆఫీసరు. పిడుగు ఆయన గదికి వెళ్లింది.

"ఇద్దరంటే మన పరువేం కాను? పదిమంది అని చెప్పాను. ఒకరిద్దరు మానేస్తారు, ఒకరిద్దరు తప్పుతారు. ఎందుకైనా మంచిది కదా."

చెప్పింది ఎవరికి? డిపార్ట్‌మెంట్ హెడ్‌కు. అంటే మేడమ్‌కే.

"పదిమందికి ఉద్యోగాలుంటే నలభై మంది పోటీ పడాలమ్మా, అప్పుడే నాణ్యత. అందుకని డీన్ గారికి నలభై అన్నాను, ఎందుకైనా..." అని మేడమ్ ఆగిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఇది టీ కప్పుల ప్రాజెక్టు కాదా?"

"కాదు మేడమ్."

డీన్ గారు మాత్రం ఎక్కడా ఆగలేదు. "ఒక్క కంపెనీయే నలభై మందిని అడిగితే, నాలుగు కంపెనీలొస్తే ఎంత? నూట అరవై. నేను చాలా తగ్గించి చెప్పాను."

చూశారా! గోరు ఎక్కడో దొరికింది, కొండ క్లాసులో కూర్చుంది. ఇంత చక్కటి ప్రాజెక్టు ఏ సబ్బులో దొరుకుతుంది?

ఒక్కటే చిక్కు. వైవాకు పరీక్షకుడిగా వచ్చేది ఆ కంపెనీ ఆఫీసరే. అదేరోజు మధ్యాహ్నం ఒక్క ఉద్యోగానికి ఇంటర్వ్యూ పెట్టేదీ ఆయనే. ప్లేస్‌మెంట్ ఆఫీసరు పిడుగును వరండాలోకి పిలిచాడు.

"ఇంటర్వ్యూ జాబితాలో నీ పేరే పైన పెట్టాను. పొద్దున్న ఆయన ముందు నువ్వీ కొరడా ఝళిపించావంటే, మధ్యాహ్నం దెబ్బలు పడేది నీ వీపుకే. సబ్బుల గురించి చెప్పు తల్లీ. సబ్బులు ఎవరికీ చేటు కాదు."

ఇంటికొచ్చేసరికి అమ్మ ఇంటర్వ్యూకు కోటు కుట్టి ఉంచింది. వేసుకుంటే భుజాలు జారుతున్నాయి.

"కాస్త వదులు పెట్టానే. మేనేజరయ్యాక ఒళ్లు చేస్తావు కదా, ఎందుకైనా మంచిదని."

"నువ్వు కూడానా అమ్మా?"

సంగతంతా చెప్పింది. అమ్మ నోట్లో గుండుసూదులతోనే విన్నది.

"నిజం చెబితే ఉద్యోగం పోతుందేమోనమ్మా."

అమ్మ సూదులు తీసి డబ్బాలో వేసింది. "వచ్చిందా, పోవడానికి?"

మర్నాడు వైవాలో, వదులు కోటులోనే పిడుగు అంతా చెప్పేసింది. ఇద్దరు పదైన సంగతి, పది నలభై అయిన సంగతి, నలభై నూట అరవై అయిన సంగతి. ప్లేస్‌మెంట్ ఆఫీసరు తలుపు దగ్గర నిలబడి గోడగడియారం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"మరి దీనికి మందేమిటి?" అన్నాడు కంపెనీ ఆయన.

"కొసనున్నవాడు మొదట అడిగినవాణ్ణి నేరుగా అడగాలి సార్. అడగమంటారా?"

"అడుగు."

"ఈ ఏడాది మీకు నిజంగా ఎంతమంది కావాలి?"

ఆయన పెన్ను మూత పెట్టాడు, తీశాడు. "నిజంగానా? ఎవరూ అక్కర్లేదమ్మా. పదేపదే ఫోను చేశారు, కాదనలేక వచ్చాను. మొహమాటానికి ఒకరన్నాను."

మధ్యాహ్నం ఇంటర్వ్యూ జరగలేదు. ప్రాజెక్టుకు మాత్రం ఫస్టు మార్కు పిడుగుకే!

అయ్యో అనుకుంటున్నారా? తొందరపడకండి. ఈ చదువు తనవాళ్లను నట్టేట ముంచదు. వారం తిరక్కుండా డీన్ గారి దగ్గర్నుంచి కబురు. మొదటి బ్యాచ్‌లో ఒక్కరికైనా ఉద్యోగం వచ్చిందని బ్రోషరులో వేయకపోతే వచ్చే ఏడాది ఎవరు చేరతారు? అందుకని యూనివర్సిటీయే పిడుగుకు ఉద్యోగం ఇచ్చింది. అడ్మిషన్స్ కౌన్సిలర్. ఫోను చేసిన తల్లిదండ్రులకు ఈ కోర్సు గొప్పతనం వివరించాలి. కొత్త బ్రోషరులో ఆమె ఫొటో, కింద 'చదువు ముగియగానే కొలువు' అని పెద్ద అక్షరాలు. ఆ పూట వీధిగదిలో కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు చాలాసేపు చేతులెత్తి నిలబడాల్సి వచ్చింది.

మొదటిరోజు. మెత్తటి కుర్చీ, చెవులకు హెడ్‌ఫోను, వెనక డీన్ గారు. ఫోను మోగింది. అవతల ఎవరో తల్లి.

"అమ్మా, మా అమ్మాయి మీ కోర్సే కావాలంటోంది. మాకు ఈ చదువుల సంగతి తెలియదు. నువ్వు చెబితే చేర్పిస్తాను. చదివితే ఉద్యోగం ఉంటుందా?"

ఆమె వెనక నుంచి "గట్టిగా అడుగమ్మా" అని ఒక పిల్ల గొంతు.

అవకాశాలు అపారం అనాలి. డీన్ గారు ముందే నేర్పారు. పక్కకొచ్చి పెదాలు కదిపి మళ్లీ గుర్తుచేశారు కూడా.

"ఉందండీ," అంది పిడుగు.

డీన్ గారు తృప్తిగా తలాడించారు.

"ఒక్కటే ఉంది. దాంట్లో నేను కూర్చున్నాను."

సాయంత్రానికి ఆ కుర్చీ ఖాళీ అయింది.

కాబట్టి పాఠకులారా, ఇంకా ఆలస్యమెందుకు? ఈ కోర్సు పుట్టాక మొదటిసారి ఒక నిజమైన ఉద్యోగం ఖాళీగా ఉంది. ఎవరూ ఎందుకైనా మంచిదని కలిపి చెప్పింది కాదు, కుర్చీ కళ్లెదుటే కనిపిస్తోంది. పోటీ కూడా పెద్దగా లేదు. ఇప్పటికి అప్లై చేసింది నూట యాభై తొమ్మిది మందే!