పెళ్ళికానుకగా మసాజ్ కుర్చీ

కొత్తగా పెళ్ళయిన జంటకు ఏకాంతం కావాలని ఎవరు చెప్పారండీ? శుద్ధ అబద్ధం! వాళ్ళకు కావలసింది మసాజ్ కుర్చీ.

అనుభవంతో చెబుతున్నాను. మా పెళ్ళయిన నెలకు, మా ఆయన ఆషర్ పెదనాన్న ఏసురత్నం గారు, అంటే నాకు పెద్దమామయ్య, అల్వాల్‌లోని మా సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌కు ఓ నల్లటి కుర్చీ మోయించుకొచ్చారు. కూర్చుంటే వీపు పిసుకుతుంది, కాళ్ళు నొక్కుతుంది, మెడ ఎక్కడ పట్టేసిందో అదే వెతుక్కుంటుంది.

"బడిల పొద్దంతా నిలబడి పాఠాలు చెప్తవ్ బిడ్డా. కాళ్ళు గుంజుతయి. ఇగ నీకు పరేషాన్ లేదు!" అన్నారు. ఎంత ప్రేమ!

కుర్చీ హాల్లో పట్టలేదు. మేం ఆదివారాలు తిరిగి తిరిగి ఎంచి కొనుక్కున్న సోఫా, ఇద్దరే కూర్చునేది, బాల్కనీలోకి వెళ్ళింది. వెళ్తే వెళ్ళింది. సోఫాకు బటన్లున్నాయా? రిమోట్ ఉందా?

అంతకుముందు సాయంత్రాలు ఆషర్ ఆ సోఫాలో కూర్చుని నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని నొక్కేవాడు. ఎంత మొరటు పద్ధతి! మధ్యలో అరికాళ్ళకు చక్కిలిగింతలు కూడా. చక్కిలిగింతలతో రక్తప్రసరణ మెరుగవుతుందని ఏ డాక్టరైనా చెప్పాడా?

ఇప్పుడంతా శాస్త్రీయం. స్వీడిష్ బటన్ నొక్కితే కుర్చీ పైపైన మెల్లగా నిమురుతుంది, మనసు తేలికవుతుంది. పెద్దమామయ్యకు అదే ఇష్టం. రోజూ వచ్చి తేలికైన మనసుతో గురక పెడతారు. ఆ చప్పుడేమిటోనని కింది ఫ్లాట్ ఝాన్సీలక్ష్మి గారు పైకొచ్చి చూసి, తనూ వరసలో కూర్చున్నారు.

ఆవిడది షియాట్సు. వేళ్ళతో నొక్కినట్టుంటుంది, తలనొప్పి పోతుంది. నిజంగానే పోయింది! ఆవిడ కుర్చీలో ఉన్నంతసేపూ మా టీవీలో సీరియల్ గట్టిగా నడుస్తుంది గనక, అది ఎవరి తలలోకి పోయిందో కూడా నాకు తెలుసు.

ఇక డీప్ టిష్యూ. కండరాల లోతుల్లో ఏళ్ళ తరబడి పేరుకున్నదాన్ని బయటికి తీస్తుంది. మా చర్చిలో పాటలు నడిపించే మేబెల్ ఆంటీ ఆ బటన్ నొక్కించుకున్నారంటే, పేరుకున్నదంతా నిజంగానే బయటికొస్తుంది. ఎవరెవరి పెళ్ళిలో బిర్యానీలో ముక్కలు తక్కువయ్యాయో అంతా! మా పెళ్ళితో సహా!

మా ఇంట్లో శుక్రవారం ప్రార్థనకు ఒకప్పుడు పట్టుమని పదిమంది వచ్చేవారు కాదు. ఇప్పుడు చెప్పులు లిఫ్టు దాకా ఉంటున్నాయి. మొన్న మేబెల్ ఆంటీ లేచి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పారు.

"భుజం పట్టేసి జడ కూడా వేసుకోలేకపోయేదాన్ని. ఇప్పుడు చూడండి!" అంటూ చెయ్యి పైకెత్తారు.

అందరూ ఆమెన్ అన్నారు.

"దేవునికే మహిమ," అన్నారు పాస్టర్ గారు.

"మహిమ దేవునికే పాస్టర్ గారూ. కాని మూడో బటన్ నొక్కాలి!"

ఆయన ముగింపు ప్రార్థన ఎన్నడూ లేనంత పొట్టిగా చేసి, "జెర నా నడుము సుత చూద్దాం," అన్నారు.

మరి నా కాళ్ళా? నిలబడే ఉన్నాయి. ఇంతమందికీ టీలు అందించొద్దూ?

మేమిద్దరం మాట్లాడుకోవడానికి కూడా ఏ లోటూ లేదు. వంటగదిలో కుక్కర్ విజిల్ వేస్తున్నంతసేపూ ఎవరికీ వినపడకుండా మాట్లాడుకోవచ్చు. ఈమధ్య మా ఇంట్లో పప్పు మరీ మెత్తగా ఉడుకుతోందంటే కారణం అదే.

ఇంత సుఖంగా ఉండగా, నిన్న సాయంత్రం ఘోరం జరిగిపోయింది. కరెంటు పోయింది! కుర్చీ ఝాన్సీలక్ష్మి గారిని సగం వంచి ఆగిపోయింది. ఆవిడను చెరో చెయ్యీ పట్టి లేపాం. కాసేపు చూసి, కరెంటు రాదని తేలాక అందరూ చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఆషర్ బాల్కనీలోకి వెళ్ళి సోఫా మీది ప్లాస్టిక్ కవరు లాగేశాడు.

"జెన్నీ, ఇట్రా. కాళ్ళు ఇటివ్వు."

"టీ గ్లాసులు కడగాలి."

"ఎక్కడికీ పోవవి. ఏ బటన్ నొక్కమంటారు మేడమ్?"

"చక్కిలిగింతలది తప్ప ఏదైనా."

అదే నొక్కాడు! వీధంతా చీకటి. నేను నవ్విన నవ్వు కింది ఫ్లాట్ దాకా వినిపించే ఉంటుంది.

అంతలో తలుపు దబదబా మోగింది. ఫోన్ టార్చి వెలుగులో పెద్దమామయ్య!

"చీకట్ల ఇద్దరే ఎట్ల కూసుంటరోనని ఉరికొచ్చిన బిడ్డా! ఫికర్ చెయ్యకు. పెద్ద ఇన్వర్టర్ చెప్పిన. రేపు పొద్దుగాల వస్తది!"

ఆ మాటంటూ వచ్చి మా ఇద్దరి మధ్యా కూర్చున్నారు. ఆ సోఫాలో ముగ్గురు పడతారని అప్పుడే తెలిసింది.

కాబట్టి పాఠకులారా, మసాజ్ వల్ల కలిగే ఈ సమస్త సుఖాలూ మీకూ దక్కాలని నా కోరిక. కుర్చీ కావలసినవారు వచ్చి పట్టుకెళ్ళండి. మోయడానికి మేమిద్దరం సిద్ధం. ఆదివారం పొద్దున, పెద్దమామయ్య చర్చిలో ఉన్న వేళకు వస్తే మరీ మంచిది.

ఇన్వర్టర్ ఉచితం!