గుర్రాలకు ఏడు తరాలు

"ఐదో తరంలో కలుస్తున్నారని చెప్తుంటే వినవేం?" అన్నాడు పట్టాభిరామయ్య, కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి.

"రవికిరణ్ బంగారంలాంటి కుర్రాడు. బ్యాంకులో ఉద్యోగం. ఐదో తరంలో ఎవరున్నారో ఆ దేవుడికే తెలియాలి," అంది భార్య రత్నమాల దోసె తిరగేస్తూ.

"దేవుడి సంగతి నాకు తెలీదు. నాకు మాత్రం తెలుసు. ఆ అబ్బాయి అమ్మమ్మ తండ్రీ, మా తాతగారూ అన్నదమ్ములు. సాయంత్రం ఫోన్ చేసి కాదని చెప్పేస్తాను."

చందానగర్‌లోని ఆ ఇంట్లో పెద్దకూతురు జయంతి సంబంధం గురించి ఈ తగువు వారం రోజులుగా నడుస్తోంది. నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా రిటైరైన పట్టాభిరామయ్యను అడగకుండా బంధువుల్లో ఎవరూ లగ్నం పెట్టుకోరు. తండ్రి వైపు ఏడు తరాలు, తల్లి వైపు అయిదు తరాలు శుభ్రంగా విడిగా ఉండాలి. ఒక్క పూర్వీకుడు కలిసినా ఆయన తల అడ్డంగా ఊపుతాడు.

గదిలో జడ వేసుకుంటున్న జయంతికి మాత్రం తండ్రి తల అలా ఊగినప్పుడల్లా ప్రాణం లేచొచ్చేది. ఆఫీసులో ఆమె పక్క కంప్యూటరు దగ్గర కూర్చునే అనిల్‌ది హన్మకొండ. చేసుకుంటే అతన్నే చేసుకోవాలని నిశ్చయించుకుంది. ఇంట్లో చెప్పడమే మిగిలింది. ఇవాళ ఆఫీసులో డెమో అయ్యాక సాయంత్రం చెప్పేయాలని ఆ ఉదయం అనుకుంది. అంతకు ముందు చాలా ఉదయాలు కూడా అలాగే అనుకుంది.

ఆ ఏడాది ఊళ్ళో సాఫ్ట్‌వేర్ పిల్లలందరూ రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఏమైపోతాయోనని కొట్టుకుంటుంటే, మాదాపూర్‌లోని జయంతి కంపెనీ గుర్రాల మీద పడింది. జర్మనీలో, అడ్డుకర్రల మీంచి దూకే పోటీ గుర్రాలను పెంచే వాళ్ళకు ఒక ప్రోగ్రాం కావాలి. ఆడగుర్రం పేరు, మగగుర్రం పేరు కొడితే, రెండింటి వంశాలూ చూసి జత కట్టవచ్చో లేదో చెప్పాలి. "మరీ దగ్గర బంధుత్వం ఉంటే వద్దనాలి" అని మాత్రమే వాళ్ళు చెప్పారు. ఎంత దగ్గరైతే దగ్గరో చెప్పలేదు.

జయంతి ఒక రాత్రి అన్నం తింటూ తండ్రిని అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె ప్రోగ్రాంలో అదే రాసింది.

ఆ ప్రోగ్రాం డెమో చూడ్డానికి జర్మనీ నుంచి వచ్చిన హెల్గా తెల్లజుట్టు, వెడల్పాటి భుజాలూ ఉన్న పెద్దావిడ. మొదట తన ఇంట్లో ఆడగుర్రం పేరూ, ఒక మగగుర్రం పేరూ కొట్టింది. కంప్యూటరు గంట మోగించి, ఈ సంబంధం కుదరదని ఎర్ర అక్షరాలతో చెప్పింది. ఇంకో మగగుర్రం పేరు కొట్టింది. కుదరదు. పక్కింటివాళ్ళ గుర్రం, పోటీల్లో పేరు మోసిన గుర్రం, ఎవరి పేరు కొట్టినా గంట మోగుతూనే ఉంది. ప్రతి వంశంలోనూ ఎక్కడో ఒకచోట లేడీకిల్లరో, కోర్ ద లా బ్రియేరో, ఎవరో ఒక తాతగుర్రం కూర్చుని ఉంది.

"నువ్వేమన్న రాసినవా ఇందుల?" అని అనిల్ మెల్లగా అడిగాడు.

"మా నాన్న చెప్పిందే."

"గుర్రాలకు మీ నాయన లెక్కలు పెట్టినవా? ఇగ అయిపోయింది. మన పేర్లు కొడితే గూడ గిట్లనే ఎర్రగొస్తదేమో."

"నువ్వు ఊరుకో. ముందు ఈ గంట ఆగనీ."

హెల్గా వెనక్కి తిరిగి, ఈ నియమం ఎవరిదని అడిగింది. మేనేజరు బాలుకి చెమటలు పట్టాయి. ఆ కంగారులో, "మా వంశావళి నిపుణులది, మేడం. చాలా సీనియర్," అనేశాడు. అయితే ఆయన్ని పిలిపించమంది హెల్గా.

బాలు జయంతిని బయటికి లాక్కొచ్చాడు. "ఎవరమ్మా ఆ నిపుణుడు? ఎవరో ఒకరి పేరు చెప్పు. కారు పంపిస్తాను."

చందానగర్‌లో కారు ఆగేసరికి పట్టాభిరామయ్య అరుగు మీద పేపరు చదువుతున్నాడు. డ్రైవరు రాజయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, జల్ది రావాలె. జయంతి మేడం ఆఫీసుల గుర్రాలకు సంబంధాలు కుదురుతలేవంట. మీరే వచ్చి చెప్పాల్నంట."

పట్టాభిరామయ్య పేపరు మడిచాడు. "ఏ ఊరి గుర్రాలు?"

"జర్మనీ అంట సార్."

ఆయన లోపలికి వెళ్ళి జరీ కండువా వేసుకొచ్చాడు. "కన్నకూతురి సంబంధం చెడగొట్టింది చాలక, గుర్రాలవి కూడా చెడగొట్టడానికి బయల్దేరారా?" అంది రత్నమాల. అంటూనే చీర మార్చుకుని తనూ కారెక్కింది.

దారిలో ఆయన నియమమంతా విన్న రాజయ్య అద్దంలోంచి వెనక్కి చూశాడు. "మరి గా లెక్కన మీ దిక్కు మేనరికాలు ఎట్ల చేస్తరు సార్?"

"అది ఆచారం. అది వేరు," అన్నాడు పట్టాభిరామయ్య, కిటికీ బయట బండరాళ్ళ వైపు చూస్తూ. రత్నమాల చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఆయనకి మేనమామ కూతురే.

ఆయన రాగానే గదిలో అందరూ లేచి నిలబడ్డారు. హెల్గా అడిగిన ప్రశ్నలకు ఆయన ఆఫీసు ఇంగ్లీషులోనే జవాబులు చెప్పాడు. వంశవృక్షాలు తెరమీద చూపించమన్నాడు. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చదివాడు.

"ఈ గుర్రానికి తాత ఎవరు? లేడీకిల్లరా? పేరు పెట్టినవాడికి భయం లేదు. ఆ గుర్రానికి? మళ్ళీ ఇతనేనా? దీని తల్లి వైపు కూడా ఇతనేనా?" ఆయన గొంతు పెరుగుతోంది. "ఏమ్మా, మీ ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా? ఇవన్నీ ఒకే ఇంటి పిల్లలు. వీళ్ళకి వీళ్ళకే పెళ్ళిళ్ళు చేస్తుంటే పెద్దలు చూస్తూ కూర్చున్నారా?"

బాలు కళ్ళు మూసుకున్నాడు. జయంతి అనిల్ చెయ్యి పట్టుకుంది, ఎవరైనా చూస్తారన్న స్పృహ కూడా లేకుండా.

హెల్గా బల్ల మీద గట్టిగా చరిచింది. "నేను మా పెంపకందార్ల సంఘంలో ఎన్నో ఏళ్ళుగా ఇదే అంటున్నాను. ఒక్కరూ వినరు."

ఆవిడ అనిల్ చేత వీడియో క్యాసెట్ పెట్టించింది. మనిషి ఎత్తున్న అడ్డుకర్రల మీంచి ఒక గుర్రం, కాళ్ళు పొట్టకి ముడుచుకుని, అలా తేలిపోయింది. పట్టాభిరామయ్య తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గుర్రం నేల మీద దిగాక తనూ కూర్చున్నాడు. "మళ్ళీ ఒకసారి వెయ్యండి," అన్నాడు.

హెల్గా చెప్పుకుపోయింది. ఒకప్పుడు తమవి బళ్ళు లాగే బరువు గుర్రాలు. లేడీకిల్లర్ ఇంగ్లండు నుంచి వచ్చాడు. కోర్ ద లా బ్రియేర్ ఫ్రాన్సు నుంచి వచ్చాడు. అప్పుడు పరాయి రక్తమని ఊళ్ళో గొణిగినవాళ్ళే తర్వాత వాళ్ళిద్దరి కోసం బారులు తీరారు. ఇప్పుడు ఆ ఇద్దరూ లేని ఇల్లే లేదు.

"మరింకేం, మళ్ళీ బయటినుంచి తేవాలి," అన్నాడు పట్టాభిరామయ్య ఉత్సాహం పట్టలేక. "దూకే బలం కావాలంటే బయటి రక్తం రావాలి. ఎంత దూరం నుంచి వస్తే అంత మంచిది. నలుగురూ ఏమంటారోనని చూసుకోకూడదు."

హెల్గా ఆ మాటను రాసుకుంది. ఏడు తరాల నియమం అలాగే ఉంచమంది. పని మొత్తం ఈ కంపెనీకే ఇస్తానంది. బాలు వెళ్ళి పట్టాభిరామయ్యను కౌగిలించుకోబోయి, కండువా చూసి ఆగి, కాళ్ళకు దండం పెట్టాడు.

సాయంత్రం అన్నాల దగ్గర పట్టాభిరామయ్య కథ మొదలుపెట్టాడు. చిన్నకూతురు రసజ్ఞకి చెప్పాడు. పక్కింటి రామచంద్రం వస్తే మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. గుర్రం దూకిన చోట ప్రతిసారీ లేచి నిలబడ్డాడు. చివర్లో, "ఎంత దూరం నుంచి వస్తే అంత మంచిదన్నాను. జర్మనీ ఆవిడ రాసుకుంది," అని అందరి మొహాలూ చూశాడు.

"నాన్నా," అంది జయంతి, మజ్జిగ అన్నం కలుపుకుంటూ. గొంతు పెంచలేదు. "నేను అనిల్‌ని పెళ్ళి చేసుకుంటాను. ఇవాళ మీకు వీడియో వేసి చూపించిన అబ్బాయే. వాళ్ళది హన్మకొండ. మన కులం కాదు. రేపు వాళ్ళ నాన్నగారిని తీసుకొస్తానన్నాడు."

రత్నమాల చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. రామచంద్రం తనకేదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయాడు. రసజ్ఞ అక్క వైపూ నాన్న వైపూ మార్చి మార్చి చూసింది.

పట్టాభిరామయ్య కంచం పక్కకు జరిపాడు. తర్వాత ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే మడుస్తూ తండ్రి వైపు తరాలు లెక్కపెట్టాడు, తల్లి వైపు లెక్కపెట్టాడు, వేళ్ళు చాలక మళ్ళీ మొదలుపెట్టాడు.

ఏడు తరాలూ తిరిగొచ్చినా, ఆ అబ్బాయి ఎక్కడా తగల్లేదు.