ఏడు దెబ్బల కోటా

చర్నాకోల దెబ్బలకు లెక్క పెట్టాలన్న మహానుభావుడి చేతికి బంగారు కడియం తొడగాలి! నేను ఎగతాళికి అనడం లేదు.

లింగంపేట దగ్గరి మా ఊరి జాతరలో ఏటా ఎడ్లబండ్ల పందెం జరుగుతుంది. ఒకప్పుడు ఎద్దును ఎవరికి తోచినంత వాళ్లు కొట్టేవాళ్లు. ఎంత అనాగరికం! రెండువేల పన్నెండులో పశువుల డాక్టరు గారు వచ్చి, ఇంగ్లాండు గుర్రప్పందేల్లో జాకీ ఏడు దెబ్బలకు మించి కొట్టరాదట, మనమూ ఆ రూలే పెడదామన్నారు. కమిటీ పెద్ద రాజేశం చప్పట్లు కొట్టాడు. దెబ్బలు లెక్కపెట్టే పని నాది. నా చేతికి పలక, బలపం. కూర్చోవడానికి కుర్చీ! వరం కాక మరేమిటి?

రూలు వచ్చిన తొలి జాతరలోనే ఎంత క్రమశిక్షణ! అంతకుముందు రెండు దెబ్బలతో సరిపెట్టినవాళ్లు కూడా ఏడూ పూర్తి చేశారు. రేషన్ కిరోసిన్ అక్కర లేకున్నా తెచ్చుకోమా? తేకపోతే కార్డు కట్ అవుతుంది మరి! తండా నుంచి వచ్చిన భీమ్‌సింగ్, ఏడూ అయిపోయాక ఎద్దు తోక కొరికాడు. పళ్లకు రూలు లేదు. బలపం కింద పెట్టాను.

అయినా అతనిది రెండో స్థానమే. మొదట వచ్చింది ఎంకయ్య బండి. అతను కొట్టింది సున్నా. "హో నాయనా" అని నాలుక చప్పరించాడు, అంతే. బహుమతి ఎద్దులకు పెట్టే పల్లిచెక్క, రెండు బస్తాలు. అతని భార్య శాంతవ్వ అప్పుడే ఒక బస్తా మీద కూర్చుంది.

"దిగు శాంతవ్వా," అన్నాడు రాజేశం. "నీ పెనిమిటి కోటా వాడలే."

"గెలిచినంక ఇంకేం వాడాలె, రాజేశమన్నా?" అన్నాడు ఎంకయ్య.

"నువ్వు వాడకుంటే, అక్కర లేదని వచ్చే యేడు అందరిదీ కట్ జేస్తరు. గా ఏడు దెబ్బలు ఇప్పుడన్నా కొట్టు. లేకుంటే బస్తాలు భీమ్‌సింగ్‌కు."

"గంత మిగిలిపోతున్నయా? నీ వీపు గిటు తిప్పు, నేను వాడేస్త!" అంటూ బస్తా దిగింది శాంతవ్వ.

జనం విరగబడి నవ్వారు. ఎంకయ్య నవ్వలేదు. ఎవరో అతని చేతిలో చర్నాకోల పెట్టారు. ఎండాకాలం ఎద్దులు నిలబడాలంటే ఆ చెక్క కావాలి. చెక్క కావాలంటే వాటి వీపు మీదే ఏడు పడాలి. నురగలు కక్కుతున్న ఎద్దు అతని భుజానికి మూతి రాస్తోంది.

నేను లేచాను.

"ఆగుండ్రి. ఎంకయ్య ఏడు కొట్టిండు. గా బాట వంపు అవతల. మీకు కనవడలే. నేను గీసుడు మరిచిన."

పలక మీద ఏడు గీతలు గీశాను. పలక మీద ఉన్నదే నిజం, అదీ రూలే! శాంతవ్వ మళ్లీ బస్తా ఎక్కింది. నన్ను చూసి నేనే మురిసిపోయాను.

రాజేశం ఆ పలక అందుకుని జనానికి ఎత్తి చూపాడు.

"చూసిండ్రా! ఏడు కొట్టినోడే ఫస్టు వచ్చిండు. ఎనిమిదైతే ఇంకెట్ల ఉరుకుతయో!"

వచ్చే జాతర నుంచి ఎనిమిది అని అక్కడికక్కడే తీర్మానం చేశారు. చేతులన్నీ లేచాయి.

అయ్యలారా, మొదటి ఏడు దెబ్బల పాపం ఎవరిదో నాకు తెలియదు. ఎనిమిదోది మాత్రం నాది.