ఆటపెట్టెకు ఒక గొంతు

ఇంట్లో ఎవరి మాటైనా పక్కవాళ్ళకు వినబడాలంటే ఆ మనిషి వైఫైకి కనెక్ట్ అయి ఉండాలన్న పద్ధతి కాకినాడలో అప్పటికే పాతబడిపోయింది కనుక, మాణిక్యాంబగారి ఆటపెట్టెను నెట్‌కు కలపాలంటే ఇంట్లో ఒకరి గొంతు తీసెయ్యాలని తెలిసినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎవరిది తీయాలా అన్నదొక్కటే తేలాల్సిన సంగతి.

పద్ధతి సులువైనదే. గడప దాటితే ఎవరి గొంతు వాళ్ళది. రోడ్డు మీద, ఆఫీసులో, రైతుబజార్లో ఎంతైనా అరుచుకోవచ్చు. ఇంట్లో అడుగుపెట్టాక మాత్రం మాట వైఫై డబ్బాలోంచి వెళ్ళాలి. వినడానికి కనెక్షన్ అక్కర్లేదు, అది ఉచితం. ఒక్కో డబ్బాలో ఐదు చోట్లుంటాయి. మనిషైనా యంత్రమైనా దానికి ఒకటే. కామేశ్వరరావు ఇంట్లో మనుషులు నలుగురు, కూతురి ల్యాప్‌టాప్ ఒకటి, హాల్లో టీవీ ఒకటి. మున్సిపల్ ఆఫీసులో కుళాయిల సెక్షన్‌కు సూపరింటెండెంటుగా ఉండి ఊరందరి లెక్కలూ చూసే కామేశ్వరరావు, ఈ ఒక్క లెక్క ఎప్పుడూ కూడి చూడలేదు.

ఆటపెట్టె వాళ్ళమ్మకు ఆషాఢంలో వచ్చింది. చీరల కొట్టువాళ్ళు లక్కీడ్రా తీస్తే మాణిక్యాంబగారి చీటీ తగిలింది. గ్రైండర్ వస్తుందని ఆశపడి వెళ్ళిన ఆవిడ చేతిలో గేమ్ కన్సోల్ పెట్టి ఫోటో తీశారు. ఇంటికొచ్చి నాలుగు రోజులు దాన్ని పలకరించలేదు. ఐదోనాడు మనవరాలు హిమజ అందులో లారీ ఆట ఒకటి పెట్టి చూపించింది. ఆవిడ ముందు నిలబడి చూసింది, తర్వాత కూర్చుని చూసింది, తర్వాత కళ్ళజోడు తెమ్మంది.

ఆవిడ భర్త ముప్పై ఏళ్ళు లారీ నడిపాడు. పెళ్ళైన కొత్తలో విజయవాడ దాకా, ఒకసారి నాగపూర్ దాకా ఆవిడ పక్క సీట్లో కూర్చుని వెళ్ళింది. స్టీరింగు ఒక్కసారి పట్టుకుంటానని అడిగితే ఆయన నవ్వేశాడు. ఇప్పుడాయన లేడు. స్టీరింగు మాత్రం టీవీ తెర మీద, ఎవరూ నవ్వకుండా ఆవిడ కోసం ఎదురుచూస్తోంది.

"కామేశం, రోడ్డంతా ఖాళీగా ఉందిరా," అంది ఆవిడ రెండోరోజు. "ఎంత దూరం పోయినా ఒక్క బండీ ఎదురు రాదు. ఒక్క టీ కొట్టు దగ్గర ఒక్క మనిషి లేడు. ప్రపంచంలో నేనొక్కదాన్నే మిగిలినట్టుంది. భయమేస్తోంది."

"నెట్‌కి కలిపితే వేరేవాళ్ళు కూడా వస్తారు మామ్మా," అంది హిమజ. "వేరే దేశాల డ్రైవర్లు. మాట్లాడొచ్చు కూడా."

"అయితే కలిపెయ్యండర్రా."

కలపడానికి కామేశ్వరరావు స్వయంగా పూనుకున్నాడు. సెట్టింగుల్లోకి వెళ్ళాడు. తెర మీద చుట్టుపక్కల ఫ్లాట్ల వైఫైలన్నీ వరసగా నిలబడ్డాయి. వాటిల్లోంచి తమది ఏరుకున్నాడు. పాస్‌వర్డ్ అడిగింది. ఎవరూ కనిపెట్టకూడదని తానే పెట్టిన పాస్‌వర్డ్ అది, కాబట్టి తనకూ తెలియలేదు. వైఫై డబ్బాను తిరగేసి, అడుగున తానే అంటించిన కాగితం చూసి, చేతిలోని మీటతో బాణం గుర్తును ఒక్కొక్క అక్షరం దగ్గరికీ నడిపించుకుంటూ తీసుకెళ్ళాడు. సగంలో ఒకసారి వేలు జారి అంతా చెరిగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. ఆఖరి అక్షరం పడ్డాక తెర కాసేపు ఆలోచించి, 'మీ ఇంట్లో ఖాళీ లేదు. ఒకరిని తొలగించి ప్రయత్నించండి' అంది.

కంపెనీకి ఫోన్ చేశాడు. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"ఎవరిని తొలగించమంటారు సార్?"

"అదే ఆలోచిస్తున్నామమ్మా. డబ్బా ఇంకోటి పెట్టించుకుంటే?"

"ఇంటికొకటే సార్. ఇప్పుడు నిబంధనలు మారాయి. ఇదివరకు ఇంటి యజమాని సరేనంటే సరిపోయేది. ఇప్పుడు తొలగే మనిషి తన నోటితో 'సమ్మతమే' అని చెప్పాలి. వ్యక్తి స్వేచ్ఛ కదా సార్."

ఆ సాయంత్రం హాల్లో అందరూ కూర్చున్నారు. హిమజ ల్యాప్‌టాప్ తీయడానికి లేదు, అది ఆమె ఉద్యోగం. హిమజ గొంతు తీయడానికీ లేదు, ఆ ఉద్యోగమంతా మాట్లాడటమే. టీవీ తీస్తే ఆటపెట్టెకు మొహం ఉండదు. మాణిక్యాంబగారిని తీస్తే ఆవిడ ఆ డ్రైవర్లతో ఎలా మాట్లాడుతుంది? కామేశ్వరరావు భార్య త్రిపుర వంటింటి గుమ్మం దగ్గర నిలబడి పెదవులు కదిపింది. పోపు ఘాటుకు దగ్గు ఆపుకుంటోందనుకున్నాడు ఆయన. త్రిపుర ఈమధ్య కొన్నేళ్ళుగా నెమ్మదస్తురాలైపోయింది. "వయసొచ్చేకొద్దీ మనిషిలో ఒక నిండుదనం వస్తుందండీ," అని ఆఫీసులో కూడా ఆమె గురించి గొప్పగా చెప్పుకున్నాడు.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఇంటికి పెద్దదిక్కుని నేను. త్యాగం చెయ్యాల్సి వస్తే ముందు నేనే చెయ్యాలి. నా గొంతే తీసెయ్యండి."

వద్దంటారని ఒక క్షణం ఆగాడు. ఎవరూ అనలేదు కాబట్టి ఇంకో క్షణం ఆగాడు.

"పోన్లేరా, నీకు ఆఫీసుంది కదా మాట్లాడుకోడానికి," అంది వాళ్ళమ్మ ఆప్యాయంగా.

"థాంక్యూ నాన్నా," అంది హిమజ, అప్పటికే ఫోన్ కలుపుతూ.

కామేశ్వరరావు ఫోనులో "సమ్మతమే" అన్నాడు. ఇంకో రెండు మాటలు కూడా అన్నాడు గానీ అవి ఎవరికీ వినబడినట్టు లేదు. ఆటపెట్టె మీద పచ్చదీపం వెలిగింది. తెర మీద ఖాళీ రోడ్డు నిండా లారీలు వచ్చేశాయి. మాణిక్యాంబగారు "ఓరి నాయనో!" అని హారన్ కొట్టింది. ఎక్కడో మంచు కురిసే దేశంలో ఎవడో తిరిగి హారన్ కొట్టాడు. ఆవిడ మొహంలోకి వచ్చిన వెలుగు చూసి, తను చేసింది మంచి పనేనని కామేశ్వరరావుకు అనిపించింది. ఆ మాట పైకి అన్నాడు. తర్వాత గుర్తొచ్చి ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున్న పేపరు పట్టుకుని అలవాటుకొద్దీ "కాఫీ!" అని కేకేశాడు. కేకేశాక నాలుక కరుచుకున్నాడు. లేచి వెళ్ళి సైగ చెయ్యాలేమో అనుకుంటుండగా వంటింట్లోంచి మాట వచ్చింది.

"అరవకండి, వినబడింది. డికాషన్ దిగాలా వద్దా?"

పక్క ఫ్లాటు ఆవిడ వచ్చిందనుకుని కండువా సర్దుకున్నాడు. వంటింట్లో తొంగిచూస్తే త్రిపుర ఒక్కతే ఉంది. ఆమె కూడా చేతిలో గరిట అలాగే పట్టుకుని ఆయన వైపు చూస్తోంది. తన మాటకు ఆయన తల తిప్పడం ఆమెకూ కొత్తగానే ఉంది.

"నువ్వు... మాట్లాడుతున్నావా?" అన్నాడు.

"మానేసిందెప్పుడు?" అంది త్రిపుర.

కనెక్షన్ లేనివాళ్ళ మాట కనెక్షన్ లేనివాళ్ళకు మామూలుగానే వినబడుతుందన్న సంగతి కంపెనీవాళ్ళు ఎక్కడా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా వాళ్ళకు కనిపించి ఉండదు. కామేశ్వరరావు వంటింట్లో స్టూలు మీద కూలబడ్డాడు. టీవీ వచ్చిన ఏటి సంగతి గుర్తొచ్చింది. బిగించడానికొచ్చిన మనిషి ఖాళీ లేదండీ, ఎవరో ఒకరిని తీయాలండీ అన్నాడు. అప్పుడు ఆయన ఎవరితోనో ఫోనులో ఉన్నాడు. "ఎవరు తక్కువ వాడుతున్నారో చూసి తీసెయ్ బాబూ," అని చేత్తో చెప్పాడు. ఆ డబ్బా ఎవరెన్ని మాటలు అన్నారో లెక్కపెట్టదు, ఎన్ని అవతలివాళ్ళ చెవిన పడ్డాయో లెక్కపెడుతుంది. ఆ లెక్కన త్రిపుర అందరికంటే అడుగున ఉంది.

"మరి నాకు చెప్పలేదే?"

"చెప్పాను."

"ఇంట్లో వినబడదు సరే. బయట చెప్పొచ్చు కదా?"

"బయటా చెప్పాను. పిఠాపురం పెళ్ళిలో, పందిట్లో మీ పక్కనే కూర్చుని చెప్పాను. 'ఇంటికెళ్ళాక తీరిగ్గా మాట్లాడుకుందాం' అన్నారు."

కామేశ్వరరావుకు ఆ పెళ్ళిలో పనసపొట్టు కూర గుర్తొచ్చింది. ఇంకేమీ గుర్తురాలేదు.

"అమ్మకి తెలీదా?"

"నేను అలిగాననుకుంటున్నారు అత్తయ్యగారు. అలక తీరితే నేనే పలకరిస్తానని చూస్తున్నారు, పాపం. హిమజతో ఫోన్లో మెసేజీలు నడుస్తున్నాయి. మీక్కూడా పెట్టేదాన్ని."

"నాకా?"

"రొమ్ములో గడ్డలా తగిలిందండీ, రేపు స్కానింగుకి వెళ్తున్నానని పెట్టాను. మీరు బొటనవేలి బొమ్మ పెట్టారు." కాఫీ గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. "ఆ బొటనవేలు చూసుకునే ధైర్యంగా వెళ్ళొచ్చాను. ఏమీ లేదన్నారులెండి. కొవ్వు గడ్డట. తాగండి, చల్లారిపోతుంది."

ఆయన తాగలేకపోయాడు. హాల్లోంచి వాళ్ళమ్మ పోలండు డ్రైవరెవడికో దారి తప్పుకోమని తెలుగులో చెబుతోంది. వాడు వాడి భాషలో ఏదో అంటున్నాడు. ఇద్దరికీ బాగా అర్థమవుతున్నట్టే ఉంది.

ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టాడు. త్రిపుర దగ్గర చెప్పాల్సినవి కొన్నేళ్ళవి పేరుకుపోయి ఉన్నాయి. వాటికి ఒక వరసంటూ లేదు. ఆమె తమ్ముడు అమలాపురం స్థలం అమ్మేసిన సంగతి, కుక్కరు మూత బిగుసుకుపోవడం, ఒకరోజు మధ్యాహ్నం కారణం లేకుండా ఏడుపొచ్చిన సంగతి, మేడ మీద అద్దెకుండే డాక్టరు పిల్లి, అన్నీ ఒకదాని మీదొకటి వచ్చిపడ్డాయి. ఆయన వింటూ కూర్చున్నాడు. మధ్యలో తన సంగతి చెప్పబోతే, "మీవన్నీ నాకు తెలుసు. వినడం ఉచితమేగా," అంది.

తర్వాతి రోజుల్లో వాళ్ళిద్దరూ హాలు మధ్యలో నిలబడి దెబ్బలాడుకున్నారు కూడా. స్కానింగు దగ్గర మొదలై పెళ్ళినాటి ఉంగరం దాకా వెళ్ళింది ఆ తగవు. పక్కనే హిమజ ఆఫీసు మీటింగులో చిరునవ్వుతో ఉంది. మాణిక్యాంబగారు ఘాట్ రోడ్డు దిగుతోంది. తగవు తీరాక త్రిపుర పాడింది. ఆమె పాడుతుందన్న సంగతే ఆయన మర్చిపోయాడు. సాయంత్రాలు ఆఫీసు నుంచి పెందరాళే వచ్చేయడం మొదలుపెట్టాడు. ఆఫీసులో అందరికీ వినబడే గొంతుతో మాట్లాడటం ఆయనకు కాస్త మొరటుగా తోస్తోంది.

ఇల్లు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. తన సలహా లేకుండా గ్యాసు బండ వచ్చింది, కరెంటు బిల్లు కట్టడమైంది, హిమజకు ఒక సంబంధం చూడటం, అది వద్దనుకోవడం కూడా జరిగిపోయాయి. మొదట ఆయనకు మనసు చివుక్కుమంది. "నాకూ అలాగే ఉండేది," అంది త్రిపుర, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. "కొన్నాళ్ళే."

"నాన్న చాలా మారిపోయారు," అని హిమజ స్నేహితురాలికి ఫోనులో చెప్పడం ఇద్దరూ విన్నారు. "ఇదివరకులా ప్రతిదానికీ లెక్చర్లు లేవు. ఎంత మెత్తబడ్డారో!"

దసరా ముందు కంపెనీవాళ్ళు పండగ కానుకగా ప్రతి ఇంటికీ రెండు చోట్లు అదనంగా ఇచ్చారు. హిమజ పరుగున వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, నాన్నా! రెండు ఖాళీలొచ్చాయి. మీ ఇద్దర్నీ కలిపెయ్యనా?"

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కలుద్దామా?" అన్నాడు కామేశ్వరరావు. "అత్తాకోడళ్ళు మాట్లాడుకోవచ్చు. అలక కాదని తెలుస్తుంది అమ్మకి."

"కలవొచ్చు," అంది త్రిపుర. "నాకూ ఆవిడతో మాట్లాడాలనే ఉంది. కానీ మీ మాట మళ్ళీ ఇంట్లో అందరికీ వినబడ్డం మొదలైతే, నా మాట మీకు వినబడుతుందంటారా?"

ఆయన వెంటనే 'ఎందుకు వినబడదు' అనబోయాడు. నిజం చెప్పాలంటే ఆ భరోసా ఆయనకు లేదు. తన సంగతి తనకు కొత్తగా తెలిసింది. "ఇంకొన్నాళ్ళు చూద్దాం," అన్నాడు.

"నాకూ అదే అనిపిస్తోంది," అంది ఆమె.

హిమజ ఇద్దరి పెదవులూ కదిలినంతసేపు ఓపిగ్గా నిలబడింది. "సరే, తొందరేం లేదులే," అని వాళ్ళ భుజాలు తట్టి వెళ్ళిపోయింది. ఖాళీలు వాడకపోతే మురిగిపోతాయి కాబట్టి ఆ వారంలోనే ఒకటి వాషింగ్ మెషీన్‌కీ ఇంకొకటి కాలింగ్ బెల్లుకీ ఇచ్చింది. బట్టలు ఉతకడం అయిపోగానే వాషింగ్ మెషీన్ ఎంతో స్పష్టంగా, వినయంగా చెప్పేది. మాణిక్యాంబగారు ఆట ఆపి మరీ దానికి జవాబిచ్చేది.

పండగ వెళ్ళాక కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఖాతాదార్లు ఎలా ఉన్నారో తెలుసుకోవడం వాళ్ళ పద్ధతి. హిమజ భోజనాల బల్ల దగ్గర కూర్చుని మాట్లాడింది. ఆమె వెనకాలే కామేశ్వరరావు అన్నం కలుపుతూ పప్పులో ఉప్పు సరిపోయిందంటున్నాడు. లేదు, మీరు నా మెప్పు కోసం అంటున్నారంటోంది త్రిపుర. దానికి ఆయన పెద్దగా నవ్వాడు.

"గేమ్ కన్సోల్ బాగా పనిచేస్తోందా మేడమ్?"

"చాలా బాగుందండీ. మా మామ్మ అందులోనే ఉంటోంది."

"ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారా మేడమ్?"

హిమజ వెనక్కి తిరిగి చూసింది. అమ్మా నాన్నా చక్కగా, నిశ్శబ్దంగా భోంచేస్తున్నారు.

"అందరూ సంతోషంగా ఉన్నారండీ," అంది. "ఎవరూ ఏమీ అనట్లేదు."

"చాలా సంతోషం మేడమ్," అంది అవతలి అమ్మాయి. "ఈమధ్య అన్ని ఇళ్ళవాళ్ళూ ఇదే మాట చెబుతున్నారు."