మూడో కన్ను మాయం

పొద్దున్నే స్టూడియోలో రబ్బరు తల ఉన్న పెట్టె తెరిచిన మేకప్‌మాన్‌కి గుండె జారిపోయింది: గ్రహాంతరవాసికి రెండే కళ్ళున్నాయి.

నిజానికి అతను చేసింది రెండే. చిక్కంతా నిన్న సాయంత్రం మొదలైంది. తీసిన షాట్లు చూస్తున్న డైరెక్టర్, గ్రహాంతరవాసి నుదుటి మీద ఆకుపచ్చగా మెరుస్తున్న మూడో కన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఈ ఎపిసోడ్‌తో మిమ్మల్ని పంపించేద్దామనుకున్నానండీ. ఈ కన్ను మిమ్మల్ని కాపాడింది."

ఆ కన్ను తనది కాదని చెప్పడానికి మేకప్‌మాన్‌కి నోరు రాలేదు. వినయంగా తలొంచుకున్నాడు. ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ, తలకే అంటుకుని ఉంటుందిలే అనుకున్నాడు. ఈలోగా రచయిత ముగింపే మార్చేశాడు. అంతరిక్ష నౌక కెప్టెన్ ఆ కంట్లోకి చూస్తే భూమి భవిష్యత్తు కనబడుతుందట. షాట్ పదింటికి.

గ్రహాంతరవాసి వేషం మేకప్‌మాన్ బావమరిదిదే. అతనికి తల తొడిగి, నుదుటి మీద ఒక గోలీ అంటించాడు.

"బావా, ఒక్క మాట."

"కదలకు. జిగురు ఆరాలి."

రిహార్సల్లో గోలీ ఊడి కంట్రోల్ ప్యానెల్ కిందికి దొర్లింది. దానికోసం పాకుతూ దూరిన ఎలక్ట్రీషియన్ ఏదో వైరు లాగాడు. నౌక తలుపు మూసుకుని కెప్టెన్ కోటు తోకని పట్టేసింది. కోటుని విడిపిస్తుంటే గుండీ ఒకటి తెగింది. మేకప్‌మాన్ దాన్నే అంటించాడు.

"బావా, నా మాట విను."

"నోర్ముయ్. నుదురు ముడతపడుతోంది."

కెప్టెన్ తన గుండీలోకి తదేకంగా చూసింది. "ఇందులో భూమి భవిష్యత్తు కనబడట్లేదండీ. నాలుగు చిల్లులు కనబడుతున్నాయి."

"నిన్నటి కన్నేదండీ?" అన్నాడు డైరెక్టర్.

"అది... విశ్రాంతి తీసుకుంటోందండీ."

"అంటే ఎవరో కొట్టేశారు. గేట్లు మూయించండి. అందరి సంచులూ వెతకండి. దొరక్కపోతే రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

మేకప్‌మాన్ నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. అంతలో గ్రహాంతరవాసి చెయ్యెత్తాడు.

"వెతక్కండి సార్. అది కన్ను కాదు, నా దగ్గుబిళ్ళ. చప్పరిస్తుంటే మీరు యాక్షన్ అనేశారు. ఈ సూట్‌కేమో జేబుల్లేవు. నుదుటికి అంటించుకుని డైలాగ్ చెప్పా. కట్ అన్నాక తీసి మళ్ళీ నోట్లో వేసుకున్నా. పొద్దున్నించీ చెబుదామంటే బావ వింటేనా?"

డైరెక్టర్ అతని నుదుటి మీది గుండీ పీకేశాడు.

"ఇంకా ఉన్నాయా?" అన్నాడు.

"చొక్కాలో మూడున్నాయండీ. కాకపోతే సగం దాకా చప్పరిస్తేనే ఆ మెరుపొస్తుంది. మేకప్ పని బావదే కాబట్టి, అది ఆయనే చెయ్యాలి."