మందుగుండు పెట్టెలో పచ్చజొన్నలు

ఆ ఉదయం గిరిజమ్మ అనుకున్న పని చాలా చిన్నది. ఝరాసంగం దగ్గరి తన ఊళ్లో ఫిరోజ్ ఆటో ఎక్కాలి. జహీరాబాద్‌లో దిగి న్యాల్‌కల్ వైపు పోయే ఆటో పట్టుకోవాలి. కూతురు భవాని అత్తగారి ఊరు చేరి, మధ్యాహ్నంలోపు విత్తనం సాళ్లలో పడేలా చూడాలి. చీకటి పడకముందే ఇంటికొచ్చి బర్రె పాలు పితకాలి. భవాని వాళ్లు తొలకరికి వేసిన కొనుగోలు విత్తనం మొలవలేదు. మళ్లీ వేద్దామంటే వాళ్ల దగ్గర గింజ లేదు. మొన్న కురిసిన వానకు నేలలో విత్తడానికి తగిన పదును ఇవాళ ఉంది. రేపు ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేరు.

గిరిజమ్మ దగ్గర మాత్రం పచ్చజొన్న ఉంది. అత్త నుంచి ఆమెకు వచ్చి, ఏటా ఆమె చేతి నుంచి నేలకు పోయి, మళ్లీ ఆమె ఇంటికే తిరిగొస్తున్న గింజ అది. నిరుడు వెదురు గంపలో దాస్తే ఎలుకలు సగం తినేశాయి. అందుకని ఆమె జహీరాబాద్‌లో బాబా మియా పాతసామాను దుకాణానికి వెళ్లి ఒక చెక్కపెట్టె కొన్నది. మందపాటి పలకలు, ఇనుప కొక్కేలు, అటూ ఇటూ తాడు పిడులు, ముదురాకుపచ్చ రంగు. పక్కన తెల్లటి ఇంగ్లిషు అక్షరాలు, ఏవో అంకెలు, వాటి కింద నారింజ రంగు మీద రేకులు విచ్చుకున్న పువ్వులాంటి బొమ్మ. ఆ పువ్వు చూసే ఆమెకు పెట్టె నచ్చింది. ఇంటికి తెచ్చాక దానికి పసుపు కుంకుమ కూడా పెట్టింది.

అది పువ్వు కాదు, పేలుతున్న గుండు. ఆ పెట్టె దక్కన్ ఆయుధ కర్మాగారం అనే సర్కారు సంస్థలో కొన్నేళ్లు ఫిరంగి గుండ్లు మోసి, పాతబడి, వేలంలో బాబా మియా చేతికి వచ్చింది. అమ్మే ముందు పెట్టెల మీది అక్షరాలు గీకేయాలని ఆ సంస్థలో ఒక నియమం ఉంది. నియమం ఉంది కాబట్టి గీకే ఉంటారని అక్కడ అందరూ అనుకున్నారు.

ఫిరోజ్ ఆ పెట్టెను జహీరాబాద్‌లో హైవే పక్కన, గిరీశ్ మొబైల్ దుకాణం ముందు దింపి వెళ్లిపోయాడు. గిరిజమ్మ దాని మీద కూర్చుని కూతురికి ఫోన్ చేసింది. అవతలి మనిషి ఎంత దూరంలో ఉంటే అంత గట్టిగా మాట్లాడాలన్నది ఆమె నమ్మకం.

"భవానీ, పెట్టె తెచ్చిన. ఇయ్యాల్నే పెట్టేయాలె. రేపటిదాక ఆగితే పని చెడిపోతది. ఊరి ముంగట కొంచెం, ఎనక దిక్కు కొంచెం పెట్టుండ్రి. ఒక్కతాన్నే గుమ్మరియ్యొద్దని మీ మామకు చెప్పు. ఒక్కసారి తడి తగిలిందంటె ఇగ ఆగేది లేదు, భూమి పగులగొట్టుకోని లేస్తది."

దుకాణం షట్టర్ ఎత్తుతున్న గిరీశ్ ఆ మాటలకు మొదట నవ్వుకున్నాడు. తర్వాత అతని చూపు పెట్టె మీది అక్షరాల మీద పడింది. అతనికి ఇంగ్లిషు బాగానే వచ్చు. ఎత్తిన షట్టర్ మెల్లగా కిందికి దిగింది.

"అమ్మా, ఈ పెట్టెల ఏమున్నది?" అన్నాడు, షట్టర్ వదలకుండానే.

పాత విత్తనం అని చెబితే చాలు, ఎవరైనా తమకూ దోసెడు పెట్టమంటారని గిరిజమ్మకు అనుభవం. "నీకెందుకు బిడ్డా," అంది. "ఒక్క ఊరికి సరిపోయేంతనే తెచ్చిన. నీకు ఇయ్యనీకి లేదు."

తనకు ఇవ్వకపోవడమే మేలనుకుని గిరీశ్ పరుగెత్తాడు. పరుగెత్తుతూనే పోలీసులకు ఫోన్ చేశాడు. ఆ వార్త ఇడ్లీ బండి దగ్గరికి చేరేసరికి పెట్టెకు ఇంకో పెట్టె తోడైంది. పెట్రోల్ బంకు దాటేసరికి లారీడు పెట్టెలయ్యాయి. దవాఖాన చేరేసరికి గిరిజమ్మకు మీసాలు వచ్చాయి.

ఎస్సై నాగరాజ్ జీపులో వచ్చి హైవేను రెండు వైపులా ఆపించాడు. అల్లం బస్తాల లారీలు, కొత్త ట్రాక్టర్లను మోస్తున్న ట్రెయిలర్లు, హైదరాబాద్ బస్సులు, బొంబాయి బస్సులు ఒకదాని వెనక ఒకటి నిలబడిపోయాయి. నాగరాజ్ జీపు చాటు నుంచి మైకు పట్టుకున్నాడు.

"అమ్మా, మెల్లగ లేచి ఇటు రా. పెట్టెను కదిలియ్యకు."

"ఎందుకు?"

"దాని మీద కూసోవద్దు."

"నా పెట్టె. నేను కూసుంట," అంది గిరిజమ్మ. "ఏమయిందో జర దగ్గరికొచ్చి చెప్పరాదు. అంత దూరంకెళ్లి ఒర్లుడెందుకు?"

దగ్గరికి ఎవరూ రాలేదు. పెట్టెలో ఏముందని నాగరాజ్ మైకులోనే అడిగాడు. పోలీసులు అడిగితే దాచడం మంచిది కాదని ఆమె ఈసారి ఉన్నమాట చెప్పింది. "పచ్చజొన్నలు సార్. సూపిస్త ఆగుండ్రి," అని లేచి, వంగి, కొక్కేనికి చేయి పెట్టింది. అంతే, కనుచూపు మేర జనం నేలమీద బోర్లా పడిపోయారు. ఫోన్లో వీడియో తీస్తున్న గిరీశ్ ఫోన్‌తో సహా మురికి మోరీలో పడ్డాడు.

"ముట్టకు, ముట్టకు. చెయ్యి తియ్యి," అన్నాడు నాగరాజ్ జీపు టైరు వెనక నుంచి.

"తెరువకుంట లోపలిది ఎట్ల సూపియ్యాలె?"

"సూపియ్యకు. హైదరాబాద్ నుంచి బాంబులోళ్లు వస్తున్నరు. వాళ్లే పెట్టెను బీడు భూమిల పెట్టి పేలుస్తరు. నువ్వు దూరం జరుగు."

అప్పటిదాకా గిరిజమ్మకు ఇదంతా విసుగ్గానే ఉంది. ఖాకీ బట్టలను చూస్తే ఆమెకూ భయమే. కానీ పేలుస్తారన్న మాట చెవిన పడ్డాక ఆ భయం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. కొంగు నడుముకు చుట్టి, మళ్లీ పెట్టె మీద కూర్చుంది.

"మా అత్త ఇచ్చిన గింజ ఇది. పేలుస్తే నన్ను గూడ కలిపి పేల్చుండ్రి," అంది. తర్వాత సంచిలోంచి జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు తీసి తినడం మొదలుపెట్టింది.

బాంబులోళ్లు బయలుదేరిన మాట నిజమే. అయితే బాంబు భయంతో ఆపిన వాహనాల వరుస అప్పటికే చాలా దూరం సాగింది. వాళ్ల బండి దాని చివర ఇరుక్కుంది. దారి ఇవ్వమని వాళ్లు నాగరాజ్‌కు ఫోన్ చేశారు. బాంబు తీస్తే తప్ప దారి ఇవ్వలేనని నాగరాజ్ చెప్పాడు.

ఈలోగా అతను పెట్టె ఫొటోను ఆయుధ కర్మాగారానికి పంపాడు. అక్కడి భద్రతాధికారి అమర్నాథ్ వెంటనే ఫోన్ చేశాడు. "మావి అన్నీ మా గోదాములోనే ఉన్నయి. మా పెట్టె ఒక్కటి కూడా గేటు దాటదు," అన్నాడు. ఆ మాటతో నాగరాజ్‌కు ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. గేటు దాటని పెట్టె బయట ఉందంటే అది దొంగిలించిందే. దొంగిలించినవాళ్లు జొన్నల కోసం దొంగిలించరు.

అమర్నాథ్ తన మనుషులతో అడ్డదారిన జీపులో వచ్చాడు. మంచి ఇస్త్రీ బట్టలు, నల్ల కళ్లద్దాలు. పోలీసులు అడ్డంగా కట్టిన తాడు దగ్గర ఆగి, "ఇది ప్రభుత్వ ఆస్తి. నీ చేతికి ఎట్ల వచ్చింది?" అన్నాడు.

"కొనుక్కున్న. బాబా మియాను అడుగు."

పోలీసులు బాబా మియాను దుకాణంలోంచి పిలుచుకొచ్చారు. ఆయన నెమ్మదిగా నడిచొచ్చి, పెట్టెను చూసి, అమర్నాథ్‌ను చూసి, సలాం చేశాడు.

"బాగున్నరా సాబ్? మీరే కదా వేలంల అమ్మిన్రు. దగ్గరుండి లారీ ఎక్కించిన్రు. ఈ రాతలు గీకియ్యరా సాబ్ అంటె, తర్వాత మనిషిని పంపుత, ఫికర్ చెయ్యకు అన్నరు. ఆ మనిషి కోసం నేను ఇంకా సూస్తున్న."

అమర్నాథ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నాగరాజ్ జీపు చాటు నుంచి పూర్తిగా బయటికి వచ్చాడు. ఆగిన బస్సుల్లోంచి దిగిన జనం కూడా దగ్గరికి జరిగారు. ఇప్పుడు అందరికీ ఒకటే తొందర.

"అమ్మా, ఇగ తెరువు," అన్నాడు నాగరాజ్. "ఒక్కసారి సూసి రోడ్డు తెరుస్త."

గిరిజమ్మ రొట్టె ముక్క నమిలి మింగింది. "తెరువ."

"అదేందమ్మా?"

"పొద్దటిసంది నేను తెరుస్త అంటె మీరు వద్దన్నరు. ఇప్పుడు మీరు తెరువుమంటె నేను వద్దంటున్న. వేపాకు, బూడిద కలిపి కట్టిన మూట అది. విప్పితె సాళ్లల్లనే విప్పుత. నడిరోడ్డు మీద విప్ప."

"కేసు అయితది," అన్నాడు అమర్నాథ్.

"పెట్టుకో. నా మీద దొంగతనం కేసు పెడితె, అమ్మినోని పేరు గూడ రాయాలె కద?"

అమర్నాథ్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. ఆమె ఆకాశం వైపు చూసింది. ఎండ ఎక్కుతోంది. "ఆటోలన్నీ మీరే ఆపిన్రు. నేల ఆరిపోతున్నది. నన్ను మా బిడ్డ ఊరికి తీస్కపోండ్రి. ఆడ నేనే తెరుస్త, మీరే సూడుండ్రి. అప్పటిదాక ఈడనే కూసుంట."

వెనక లారీలు ఒక్కసారిగా హారన్లు మోగించాయి. కాసేపటికి ముందు పోలీసు జీపు, వెనక ఆయుధ కర్మాగారం జీపు కదిలాయి. ఆ వెనక జీపులో పెట్టె మీద కూర్చుని పోతున్న గిరిజమ్మను జహీరాబాద్ జనం చూశారు. పెట్టె ఊరు దాటగానే రోడ్డు తెరిచారు. బాంబులోళ్లను వెనక్కి వెళ్లమన్నారు. వెనక్కి తిరగడానికి వాళ్లకు అప్పటికింకా చోటు దొరకలేదు.

న్యాల్‌కల్ అవతల భవాని అత్తగారి ఊళ్లోకి రెండు జీపులు రావడం చూసి, విత్తనానికి పిలిచిన కూలీలు చేను వదిలి ఎటు వాళ్లు అటు వెళ్లిపోయారు. గట్టు మీద భవాని, ఎద్దుల దగ్గర ఆమె మామ రేవణసిద్ధప్ప మాత్రమే మిగిలారు.

"ఏమయిందక్కా?" అన్నాడు రేవణసిద్ధప్ప, చేతిలోని ములుగర్ర వదలకుండా.

"ఏం కాలే అన్నా. జర ఆలస్యమయింది," అంది గిరిజమ్మ.

ఆమె పెట్టెను గట్టు మీద దింపించి, కొక్కేలు తీసి, లోపలి మూట విప్పింది. బూడిద వాసన వచ్చింది. నాగరాజ్ వంగి చూశాడు. పసుపుపచ్చని జొన్నలు, పక్కన చిన్న మూటల్లో కందులు. గింజలు చేతిలోకి తీసుకుని మళ్లీ వదిలాడు. "మంచిగున్నయి," అన్నాడు. ఆ మాట అనడానికి ఆ ఉదయం ఎంత శ్రమ పడ్డాడో గుర్తొచ్చి, గట్టు మీదే కూలబడ్డాడు.

అమర్నాథ్ మాత్రం పెట్టె పిడి పట్టుకున్నాడు. ఆ అక్షరాలు ఇంకెవరి ఫోన్‌లోనైనా పడితే తన కుర్చీకే చేటు. "గింజలు గోనెసంచిల పోసుకో. పెట్టె మేము తీస్కపోతం."

గిరిజమ్మ అతని చేయి తీసేసింది. "పెట్టె నాది. దాని మీది అక్షరాలు మీవి. మీవి మీరు తీస్కపోండ్రి."

"అక్షరాలు ఎట్ల తీస్కపోతరు?"

"గీకుండ్రి."

"గింజలుండంగ గీకితె రంగు పొట్టు లోపల పడతది," అంది భవాని.

"అందుకే ముందుగాల పెట్టె ఖాళీ కావాలె," అంది గిరిజమ్మ. "ఖాళీ కావాలంటె విత్తాలె. కూలోళ్లను మీ జీపులే ఎళ్లగొట్టినయి."

అమర్నాథ్ తన మనుషుల వైపు చూశాడు. వాళ్లు నేల వైపు చూశారు. చివరికి అందరూ బూట్లు విప్పారు. రేవణసిద్ధప్ప నాగలి తోలాడు. భవాని ఒకసారి ముందు నడిచి, వేళ్ల సందుల్లోంచి గింజ ఎట్లా జారవిడవాలో చూపించింది. ఫిరంగి గుండ్లకు కాపలా కాసే మనుషులు తలగుడ్డలు చుట్టుకుని, ఒడిలో జొన్నలు పోసుకుని, నాగలి వెనక వరుసగా నడిచారు. ఎస్సై వాళ్లకు బిందెతో నీళ్లు అందించాడు.

పొద్దు వాలేసరికి చేను పూర్తయింది. అమర్నాథ్ గట్టు మీద బాసింపట్టు వేసుకుని, గాజుపెంకుతో ఖాళీ పెట్టె మీది అక్షరాలన్నీ తనే గీకాడు. పువ్వు దగ్గరికి వచ్చినప్పుడు, "అది ఉండనియ్యి," అంది గిరిజమ్మ. అతను తలెత్తి ఆమె ముఖం చూసి, ఉంచేశాడు.

ఆ వారంలో చేను పచ్చబడింది. సాళ్లన్నిటా మొలకలు ఎడంగా, ఒద్దికగా వచ్చాయి. అమర్నాథ్ నడిచిన సాలులో మాత్రం అక్కడక్కడా గుంపుగా చేరి, బందోబస్తుకు వచ్చినట్టు నిలబడ్డాయి.