సైడ్ ప్యానెల్‌కు పూలదారం

మోటార్ సైకిల్‌కు ప్లాస్టిక్ భాగాలు పెట్టాలని మొదట ఎవరికి తోచిందో తెలియదు గానీ, ఆ మహానుభావుడికి తిరుపతి నడిబొడ్డున నిలువెత్తు విగ్రహం పెట్టాలి. కంచుతో కాదు. ప్లాస్టిక్‌తోనే! ఏడాదికొకసారి దాని చెయ్యి ఊడిపోతుంది. మనమంతా పోయి కొత్త చెయ్యి తగిలించి, దండ వేసి వస్తాం. కంచు విగ్రహాలను ఈ మాత్రం పట్టించుకునే నాథుడు ఉన్నాడా?

నవ్వకండి. నేను సీరియస్‌గానే రాస్తున్నాను. ఈమధ్య మన ఊళ్లో ఒక జబ్బు వ్యాపించింది. బండిలో ప్లాస్టిక్ ముక్క ఒకటి విరిగితే చాలు, లేత్ షాపుకు పరిగెత్తి ఇనుముతోనో ఇత్తడితోనో చేయించి బిగించుకుంటున్నారు. ఇలాగే పోతే మనిషికీ మనిషికీ మధ్య మాటలుండవు. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా చదవండి.

నా బండినే తీసుకోండి. కొన్న రోజే కాణిపాకం తీసుకెళ్లి వాహన పూజ చేయించాను. చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించారు. నిమ్మకాయ నలగలేదు, ముందు మడ్‌గార్డు చిట్లింది! దిష్టంతా అక్కడికక్కడే పోయిందని అందరూ నన్ను అభినందించారు. అదే ఇనుప మడ్‌గార్డయితే ఆ దిష్టి ఇప్పటికీ నా నెత్తిన ఉండేది కదా?

తర్వాత స్పీడోమీటర్. ముందు చక్రం దగ్గర చిన్న ప్లాస్టిక్ గేర్ ఒకటి ఉంటుంది, మీటర్‌ను తిప్పేది అదే. అది అరిగిపోయి, ముల్లు సున్నా మీద కూర్చుంది. మొదట బాధపడ్డాను. తర్వాత చూస్తే కిలోమీటర్ల అంకెలు కూడా ఆగిపోయాయి! నాకు జుట్టు నెరుస్తోంది, మోకాళ్లు పట్టేస్తున్నాయి. నా బండికి మాత్రం ఆ రోజు నుంచి ఒక్క కిలోమీటరు వయసు కూడా పెరగలేదు. ఇంతటి నిత్యయవ్వనం ఏ ఇనుము ఇవ్వగలదు?

ఒకసారి ఓవర్‌స్పీడ్ అని పోలీసాయన ఆపితే మీటర్ చూపించాను. "నేను కదల్నే లేదు సార్, మీరే సూడండి" అన్నాను. ఆయన కాసేపు మీటర్ వంకా కాసేపు నా వంకా చూసి, దణ్ణం పెట్టి పొమ్మన్నారు.

ఇక అసలైన వరం సైడ్ ప్యానెల్. సీటు కింద బండికి రెండు పక్కలా ఉండే మూత అన్నమాట. దాన్ని ప్లాస్టిక్ గుబ్బలు పట్టుకుని ఉంటాయి. నా బండికైతే, ఉండేవి. అవి విరిగిన నాటి నుంచీ గతుకు వస్తే ఆ మూత ఎగిరి రోడ్డు మీద పడేది. "అన్నా, నీ బండిది ఏందో పడిపొయ్యిండాది సూడు!" అని నా వెనక అరవని మనిషి తిరుపతిలో లేడు. ఒక ఎమ్మెల్యేకు కూడా ఇంత జనం పరిచయం ఉండరేమో! శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి వంతెన మీద పడిపోయిన మూతను, వెనకాలే వచ్చిన బస్సు కండక్టర్ తిరుపతి బస్టాండు దాకా తెచ్చి అప్పగించాడు. దానికి టికెట్ కూడా కొట్టలేదు.

తిరుచానూరులో పూలమ్మే పంకజాక్షి అయితే నా అవస్థ చూడలేక ఒకరోజు బండిని ఆపించింది. "ఇట్లా తే అన్నా" అని మూతను లాక్కుని, పూలు కట్టే అరటినారతో, దారంతో బండికి బిగించి కట్టింది. కట్టు మధ్యలో నాలుగు కనకాంబరాలు ఇరుక్కున్నాయి. వాటిని తీయబోతే ఒప్పుకోలేదు. "ఉండనీ అన్నా, అమ్మవారి పూలు. మళ్లీ పడితే నన్నడుగు" అంది.

ఫలితం ఏమైందో తెలుసా? బండిని గుడి దగ్గర పార్క్ చేసి తిరిగొచ్చేసరికి ఎవరో హెడ్‌లైట్‌కు బొట్టు పెట్టి ఉన్నారు. ఎక్కడి నుంచో వచ్చిన యాత్రికుడొకాయన బండి చుట్టూ ప్రదక్షిణం చేసి, హుండీ ఎక్కడుందని నన్నే అడిగాడు. ఇనుప బోల్టుకు ఎవరైనా దణ్ణం పెట్టగా చూశారా మీరు?

ఇప్పుడు మా పక్కింటి మునిశేఖర్ కథ వినండి. పట్టుదల గల మనిషి. ప్లాస్టిక్ అన్నది కంట పడకూడదని చిత్తూరులో లేత్ షాపు వాడితో ఒప్పందం చేసుకున్నాడు. మీటర్‌కు ఇత్తడి గేర్ వేయిస్తే అది కేబుల్‌ను కొరికేసింది. గట్టి కేబుల్ వేయిస్తే అది మీటర్‌నే పెరికేసింది. మడ్‌గార్డు, చైన్ కవర్, చివరికి అద్దాల చట్రాలు కూడా ఇనుమే. ఇప్పుడు ఆ బండిలో మెత్తటి వస్తువు మునిశేఖర్ ఒక్కడే! స్టాండ్ వేయాలంటే నడుం పట్టుకుని నన్ను పిలుస్తాడు. రోడ్డు మీద అతన్ని పలకరించే వాళ్లు లేరు. ఏమీ పడిపోని మనిషితో ఎవరికేం పని?

"అంతా బాగుంది, మరి మీ ఇంటావిడ ఏమంటుంది?" అని మీరు అడుగుతారు. అడగకుండా ఉంటే బాగుండేది.

మా ఆవిడ జ్ఞానాంబది ఐరాల. పోయిన నెల ఇద్దరం బండి మీద వాళ్ల పుట్టింటికి బయలుదేరాం. కాణిపాకం దాటాక పూలదారం తెగి మూత పడిపోయింది. ఆమె భుజం తట్టింది, నేను ఆపాను, ఆమె దిగి మూత తేవడానికి వెనక్కి నడిచింది. హెల్మెట్ లోపల నాకు వేరే లోకం. ఎక్కేసిందనుకుని గేర్ వేశాను.

దారి పొడుగునా ప్లాస్టిక్ గొప్పతనం గురించి ఆమెకు వివరిస్తూనే పోయాను. ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు. పెళ్లయిన ఇన్నేళ్లకు నా మాట విన్నదని పొంగిపోయాను.

ఐరాలలో మా అత్త తిరుమలమ్మ వాకిట్లోకి ఎదురొచ్చింది. "పాప యాడ అల్లుడా?" అంది.

"వెనకాల్నే ఉండాది గదత్తా" అన్నాను, తిరిగి చూడకుండా. మా అత్త నా వెనక్కి చూసింది. అప్పుడు నేనూ చూశాను.

జ్ఞానాంబ ఆటోలో వచ్చింది, మూతను ఒళ్లో పెట్టుకుని. మూతకు ఒక్క గీత కూడా పడలేదు. "ఇనుముతో గట్టిగా బిగించేదాకా నేనీ బండెక్కేది ల్యా" అంది. అన్న మాట మీద నిలబడింది. అప్పటి నుంచి మార్కెట్‌కయినా గుడికయినా ఆమె బస్సులో, నేను బండిలో.

వెనక సీటు ఖాళీగా ఉంటే బండి తేలిగ్గా పోతుంది, పెట్రోలు కలిసొస్తుంది, ఇదీ ప్లాస్టిక్ మహిమే అని రాద్దామని కూర్చున్నాను. చేతులు రాలేదు. గతుకు వచ్చినప్పుడల్లా భుజం మీద పడే చెయ్యి లేకపోతే నాకు బండి నడిపినట్టే ఉండటం లేదు.

అందుకే సర్వీస్ సెంటర్‌కు పోయాను. అక్కడి మేనేజర్ మురుగేష్ విరిగిన గుబ్బలను చూసి పెదవి విరిచాడు. "రఫ్ హ్యాండ్లింగ్ సార్. మా ప్లాస్టిక్ దానంతట అది విరగదు. వారంటీ రాదు" అన్నాడు.

"సరేప్పా, పద కాణిపాకం పోదాం" అన్నాను. "మీ ప్లాస్టిక్ మంచిదని నువ్వు ప్రమాణం చెయ్. నేను రఫ్‌గా తోల్లేదని నేను చేస్తా."

ఆ స్వామి ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే ఏమవుతుందో మా వైపు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కోర్టులో ఏళ్ల తరబడి నడిచే తగాదాలు కూడా ఆ మాట ఎత్తగానే తెగిపోతుంటాయి. మురుగేష్ ముఖంలో రంగు మారింది. "ఇంత చిన్నదానికి దేవుని దాకా ఎందుకు సార్! పిల్లలు గలవాణ్ణి" అంటూ సొరుగు లాగాడు. లోపల తళతళా మెరుస్తూ ఇనుప క్లిప్పులు, బోల్టులు, మీటర్ గేర్! "మా కంపెనీదే సార్. మెటల్ అప్‌గ్రేడ్ కిట్."

"మీ దగ్గర ఇనుపవి ఉండంగా, బండికి మొదట్నే ఎందుకు పెట్టలేదప్పా?"

"మొదట్నే పెడితే అప్‌గ్రేడ్ ఎట్లవుతాది సార్?" అన్నాడు, నా అమాయకత్వానికి జాలిపడుతూ.

నేను తేరుకునేలోపే అతను గొంతు తగ్గించాడు. "మీరు పేపర్లో రాస్తారంట గదా. మా ప్లాస్టిక్ గురించి నాలుగు మంచి మాటలు రాయండి సార్. కిట్ నేనే బిగించి ఇస్తా, ఫ్రీగా."

పాఠక మహాశయులారా, మీరు ఇంతవరకూ చదివినవే ఆ నాలుగు మంచి మాటలు!

కిట్ బిగించారు. బండి ఇంటికి తెస్తే జ్ఞానాంబ సైడ్ ప్యానెల్‌ను రెండు చేతులా పట్టి లాగింది. కదల్లేదు. కాలితో ఒక తన్ను తన్నింది. ఊహూఁ! ముఖంలో కొంచెం వెలుగొచ్చింది, నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో టేబుల్ మీదున్న ఈ వ్యాసం ఆమె కంట పడింది.

అప్పటిదాకా రాసిందంతా చదివి, "ఏమయ్యా, ఇనుము కంటే ప్లాస్టిక్కే మేలని నిజంగానే రాసినావా?" అంది.

"ప్రతి అక్షరం నిజమే" అన్నాను, పేపర్లో రాసేవాడి పౌరుషంతో.

"అయితే ఆదివారం ఐరాలకు పోతాం గదా, బండెక్కుతాలే. దోవలో కాణిపాకంలో ఆపు. ఇదే మాట స్వామి ముందర చెప్పు. చెప్పలేదంటే ఆడి నుంచి ఆటోలోనే పోతా."

ఆదివారం దగ్గరికొచ్చేసింది. కాణిపాకం తగలకుండా ఐరాలకు పోయే దారి మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి వెంటనే చెప్పండి. ఎన్ని గతుకులున్నా ఫరవాలేదు. ఇప్పుడు నా బండికున్నది ఇనుము!